లెక్కలోకి రాని సాలు

వ్యాపారం మొదలుపెట్టిన రోజు గురప్ప చేతిలో ఉన్నవి ఒక వంకర కత్తి, ఒక తడి గోనెపట్ట, ఏనుగులు తొక్కిన తోటలోంచి కోసుకొచ్చిన అరటాకులు. పెట్టుబడి అంతే. ఆకులు ఆ రోజే అమ్ముడుపోయాయి. గోనెపట్ట ఆ ఏడాదే చివికిపోయింది. కత్తి మాత్రం పిడి మార్చుకుంటూ, అంచు అరిగి సన్నబడుతూ ఇంకా నడుస్తోంది.

ఇవాళ కూడా ఆ కత్తి పట్టుకునే తిరుపతి మార్కెట్ వెనక సందులో, తన అంగట్లో, ముక్కాలిపీట మీద కూర్చుని కోడూరు నుంచి వచ్చిన కట్టలు విప్పుతున్నాడు. ఆకును ఒళ్ళో పరుచుకుని వెన్ను మీద కత్తి జారిస్తే మందపాటి ఈనె పొరగా లేచి కింద పడుతుంది. కొస ఆకులు ఒక పక్కకు, నడిమి ముక్కలు ఇంకో పక్కకు. గాలికి చీలినవి ఇడ్లీ పాత్రలో వేసుకునేవాళ్ళకు. చేతులు వాటంతట అవే ఏరుతుంటాయి. వేళ్ళ సందుల్లో అరటి జిగురు నల్లగా కరపట్టి ఉంది. అది ఏ సబ్బుకీ పోదు. అతని చొక్కాలన్నిటి మీదా ఆ మరకలే. పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా, గురప్ప ఆకుల మనిషని చొక్కా చూసి చెప్పేస్తారు.

చేతులు ఆకుల మీద ఉన్నా, చూపు సందు మొదటి వైపు ఉంది. పలమనేరు బస్సులో అన్న పంపే కట్టలు ఇంకా రాలేదు.

ఆకు ఒక రోజు సరుకు. నిన్నటిది ఇవాళ మడిస్తే విరుగుతుంది. అందువల్ల ఆకు అమ్మేవాడికి సెలవు ఉండదు. పెళ్ళిళ్ళ రోజుల్లో గురప్ప ఊరు కదలడానికి లేదు. పెళ్ళిళ్ళు ఆగిపోయే మూఢంలో కదులుదామంటే భార్య మునిలక్ష్మి గడప దాటనివ్వదు. మూఢంలో దూరప్రయాణం మొదలుపెట్టి బాగుపడినవాళ్ళు లేరంటుంది. తీరిక ఉన్నప్పుడు మంచి రోజు లేదు, మంచి రోజు ఉన్నప్పుడు తీరిక లేదు. పెళ్ళయిన నాటి నుంచి వాళ్ళ కాపురం ఇలాగే సాగింది. ఈ మధ్యలో గురప్పకు అరవై దాటాయి.

ఈ ఏడాది ఆషాఢంలో మాత్రం ఒక దారి దొరికింది. అతనితో చీటీ కట్టే వ్యాపారులు కొందరు కలిసి కెన్యా దేశానికి అడవి జంతువులు చూడ్డానికి పోతున్నారు. వంటమనిషిని కూడా వెంట తీసుకుపోతున్నారు. గురప్ప పేరు ఇచ్చేశాడు. మునిలక్ష్మి అయ్యవారిని అడిగి, జ్యేష్ఠం వెళ్ళకముందే మంచి ఘడియలో అతని పెట్టెను ఇంట్లోంచి దాటించి, బాలసుబ్రమణ్యం మెస్సులో పెట్టించింది. ముందుగా సామాను గడప దాటితే ప్రయాణం ఆనాడే మొదలైనట్టు లెక్క. అప్పటి నుంచి ఆ పెట్టె మెస్సులో బియ్యం మూటల పక్కన ఉంది. రేపు పొద్దున రేణిగుంటలో రైలెక్కాలి, మద్రాసులో విమానం ఎక్కాలి.

బాలసుబ్రమణ్యం రోజూలాగే ఆకులకోసం వచ్చాడు. లావాటి మనిషి. ఆకుల కంటే మాటలు ఎక్కువ ఎత్తుకుపోతాడు.

"ఏం గురప్పన్నా, నీ పెట్టె మా బియ్యాన్ని కాపలా కాస్తా ఉండాది. రేపు కానీ ఎత్తకపోతే బాడుగ అడగతాను సూడు."

"ఎత్తతాన్లేప్పా."

"అది సరే, ఆఫ్రికా యాడుండాదో తెలుసునా నీకు?"

"ఇమానం తోలేవోనికి తెలుసు. నాకెందుకు?"

బాలసుబ్రమణ్యం నవ్వి, కొస ఆకులు లెక్క పెట్టించుకుంటూ అడిగాడు. "నిజంగా అడగతా ఉండా అన్నా. ఏనుగులు మన పలమనేరు అడివిలో లేవా? కుప్పంలో లేవా? మీ అన్న తోట కాడికి పోతే ఊరికే కనపడతాయి గదా."

గురప్ప కత్తిని మోకాలి మీది గోనెపట్టకు తుడిచాడు. ఈ ప్రశ్న అతన్ని చాలామంది అడిగారు. జవాబు చెప్పేవాడు కాదు. ఇవాళ ఎందుకో చెప్పాడు.

"ఈడ ఏనుగును సూస్తే నాకు ఏనుగు కనపడదప్పా. పొయిన తోట కనపడతాది. ఎవురి తోటా పోని సోట దాన్ని ఒక్కసారి సూడాల. అంతే."

బాలసుబ్రమణ్యం ఆకుల కట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

గురప్పకు ఇరవై మూడేళ్ళప్పుడు ఏనుగులు మొదటిసారి వాళ్ళ ఊరి వైపు దిగాయి. అంతకుముందు అక్కడ ఎవరూ ఏనుగును గుడిలో తప్ప చూడలేదు. గెలలు దిగిన తోటను ఒక్క రాత్రిలో తొక్కేసి పోయాయి. అన్న మునిచంద్ర అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. తెల్లారి చూస్తే నిలబడిన చెట్టు లేదు. నాయన గట్టు మీద కూలబడిపోయాడు. గురప్ప మాత్రం పడిన చెట్ల మధ్య తిరిగి చూశాడు. గెలలు పోయాయి, బోదెలు పోయాయి, ఆకులు చాలావరకు చీలకుండా ఉన్నాయి. కత్తి తీసుకుని కోయడం మొదలుపెట్టాడు. అప్పుడు మునిచంద్ర పోయిన గొంతుతోనే అన్నాడు.

"పీనిగ మీద నగలు ఒలిసినట్టు ఒలస్తా ఉండావు గదరా!"

గురప్ప కోయడం ఆపలేదు. ఆ ఆకులు తిరుపతిలో అమ్మి, ఇంటికి బియ్యం పంపాడు. ఆ నెలంతా ఇల్లు వాటి మీదే గడిచింది. మునిచంద్ర ఆ అన్నం తిన్నాడు. అన్న మాటను వెనక్కి తీసుకోనూ లేదు. కానీ మళ్ళీ తోట పెట్టాక రోజూ తెల్లారేసరికి ఆకు కోసి, అరటి నారతో కట్ట కట్టి, రోడ్డు మీద బస్సు ఆపి తమ్ముడికి పంపడం మొదలుపెట్టాడు. ఆ కట్టలు ఇప్పటికీ వస్తున్నాయి. వాళ్ళిద్దరి మధ్య మాటలు తక్కువ, రాకపోకలు అంతకన్నా తక్కువ. ఆ కట్ట వచ్చిందంటే అన్న బాగున్నట్టు. మరుసటి వారం అతని ఖాతాలో డబ్బు పడిందంటే తమ్ముడు బాగున్నట్టు.

మునిచంద్ర చిత్తూరు ఆస్పత్రిలో చేరాక పక్క తోట ధనశేఖర్ ఆకు కోసి పంపుతున్నాడు. ముడి వేరేగా ఉంటోంది గానీ, రావడం తప్పలేదు.

బరువుల రిక్షా సందులోకి తిరిగింది. తొక్కేది చిన్నబ్బ. రిక్షా ఖాళీగా ఉంది.

"పలమనేరు బస్సులో మనది లేదన్నా," అన్నాడు చిన్నబ్బ, దిగకుండానే. "తోట కాడ నిలబెట్టి హారన్ కొట్టినాడంట కండట్రు. రోడ్డు మీద ఒక్క పురుగు లేదంట."

"సరే, పో."

"రేపు వస్తాదేమోలే."

"పొమ్మంటి గదప్పా."

చిన్నబ్బ అతని మొహం ఒకసారి చూసి రిక్షా తిప్పుకున్నాడు.

గురప్ప ముక్కాలిపీట మీద అలాగే కూర్చున్నాడు. సరుకు రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవడం వ్యాపారంలో మొదటి పని. వాన లేదు. కోడూరు దారిలో, పలమనేరు దారిలో బస్సులు తిరుగుతున్నాయి. కరోనాలో బస్సులే లేనప్పుడు కూడా పాల వ్యానులో పంపారు. ఏనుగులు పడి ఉంటే పడిన చెట్ల ఆకు ఇంకా ఎక్కువే వస్తుంది. ధనశేఖర్‌కు జ్వరం తగిలినా ఎవరో ఒకరు కోస్తారు. ఊరంతా ఒక్కసారి కత్తి కింద పెట్టేది ఒకే ఒక్కదానికి. ఊళ్ళో పీనుగ లేచేదాకా ఎవరూ తోటలో కత్తి పెట్టరు. పచ్చని చెట్టు కోయరు. గురప్ప పుట్టి పెరిగిన ఊరు అది, ఆ కట్టుబాటు తెలుసు.

పోయింది ఇంకెవరైనా కావచ్చు. కానీ ఇంకెవరైనా అయితే ధనశేఖర్ పొద్దున్నే ఫోను చేసేవాడు, ఇవాళ ఆకు లేదన్నా అని. సరుకు పంపనివాడు ముందుగా చెప్పకుండా ఉండడు. ధనశేఖర్ చెయ్యలేదంటే, గురప్పకు చెయ్యొద్దని ఎవరో చెప్పి ఉంచారు.

ఎవరు చెప్పి ఉంచారో కూడా అతనికి తెలుసు.

మొన్న ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మునిచంద్ర మంచంలో సగమై ఉన్నాడు. ముక్కుకు గొట్టం. కాళ్ళు రెండూ నీరు పట్టి, చర్మం మెరుస్తూ, పండిన బూడిద గుమ్మడికాయల్లా ఉన్నాయి. పక్కన అతని కూతురు ధరణి. కొడుకులు లేరు. మునిచంద్ర తమ్ముడి చేయి పట్టుకోలేదు, వాళ్ళకు అలాంటి అలవాట్లు లేవు. చెయ్యెత్తి తమ్ముడి భుజం చూపించాడు.

"సూది ఏసుకుంటివా?"

"ఏసుకుంటి. పచ్చజొరం సూది. అది లేకుంటే మళ్ళా ఈ దేశంలోకి రానియ్యరంట."

"ఎప్పుడు పయనం?"

"ఆదివారం. నేను మానుకుంటానులేన్నా. నువ్వు లేసి తిరిగినాక సూస్తాం."

"మానుకొని ఏం సేస్తావు? ఈడ కూసోని నా ముక్కు గొట్టం సూస్తావా?" మునిచంద్ర ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇను. ధరణికి సెప్పినా, ధనశేకర్‌కి సెప్పినా. ఏమన్నా అయితే నీకు ఫోను సెయ్యరు. నువ్వు మళ్ళా ఈడ దిగినాక సెప్తారు. సెవిన పడేదాకా మైల లేదు. పడినాక తలకు పోసుకో. సాలు."

"ఏం మాటలన్నా అవి."

"మాటలు కాదురా, యవ్వారం. నీకు ఎప్పుడూ యవ్వారమే గదా. ఇది నేను సెప్పే యవ్వారం."

తొమ్మిది కావస్తుండగా గురప్ప మిగిలిన ఆకుల మీద తడి గోనె కప్పి ఇంటికి వెళ్ళాడు. మునిలక్ష్మి దోసె పోస్తూ ఉంది. కుర్చీ మీద ప్రయాణానికి కొన్న కొత్త చొక్కా మడతపెట్టి ఉంది. అడవిలో నీలం, నలుపు తొడగకూడదని, మట్టి రంగువి తెచ్చుకోమని చెప్పారు.

"ఒక్క తూరి తొడిగి సూపించు," అంది మునిలక్ష్మి. "రైలు కాడికి నేను రాను. ఈడ్నే సూస్తాను."

తొడుక్కున్నాడు. ఒక్క జిగురు మరక కూడా లేని చొక్కా. అద్దంలో వేరే మనిషి నిలబడి ఉన్నాడు.

"పోలీసోని మాదిరి ఉండావబ్బా," అని ఆమె నవ్వింది. "సింహం నిన్ను సూసి అదే పారిపోతాది. నువ్వు మాత్రం బండిలోంచి దిగబాకు. నీకు ఏమన్నా అయితే ఆ ఆకుల వాసనలో నేనొక్కదాన్నే కూసోవాల."

"నువ్వూ రావచ్చు గదే."

"నాకు ఏనుగంటే గుళ్ళో ఏనుగు సాలు. పండు ఇస్తే తీసుకోని తల మీద తొండం పెడతాది. ఆడ పెడతాదా?"

గురప్ప నవ్వలేదు. ఆమె దోసె పళ్ళెం ముందు పెట్టింది. అతను తుంచి, పెదవుల దాకా తెచ్చి, మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. రేపు రైలెక్కి, మూడు రోజులకు కెన్యా మైదానంలో నిలబడితే ధర్మం అతన్ని ఏమీ అనదు. మైల చెవి దగ్గరే ఆగుతుంది. అన్న వీలుగా కట్టి ఇచ్చిన దారి అది, కట్ట కట్టినట్టు, ముడి జారకుండా. తీసుకోవడమే. కానీ ఇన్నేళ్ళూ గురప్ప తోటను దూరం నుంచి చూసి ఎంత ఆకు దిగుతుందో చెప్పి బేరం ముగించాడు. ఎవరూ చెప్పకుండా తెలుసుకోవడం అతని బతుకు తెరువు. చూసి తెలిసినదాన్ని వినలేదు గనుక తెలియలేదని అనడం అతనికి చేత కాలేదు. అలా అనుకుంటూ ఆఫ్రికా పోతే, అక్కడ ఏనుగు వచ్చి ఎదురుగా నిలబడినా మళ్ళీ కనబడేది పోయినదే.

ఫోను తీశాడు. ధరణి చాలాసేపటికి ఎత్తింది.

"చిన్నాయనా," అంది. గొంతు సరిచేసుకుంది. "బయల్దేరతా ఉండావా?"

"నాయన ఎట్లుండాడు?"

"నిద్రపోతా ఉండాడు చిన్నాయనా. నువ్వు పొయ్యి రా."

మునిలక్ష్మి పెనం దించి ఇటు చూసింది. గురప్ప అటు తిరిగి నిలబడ్డాడు.

"అమ్మా ధరణీ. ఈ పొద్దు ఆకు రాలేదు."

అటు ఎవరో ఆమెను పిలుస్తున్నారు, ఆమె ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టినట్టుంది.

"నువ్వు నాయనకు మాటిచ్చినావు. నీ మాట నువ్వు నిలబెట్టుకో. నేను వేరేది అడగతా. కొరివి ఎవురు పెడతా ఉండారు?"



"నేనే," అంది ధరణి. అప్పుడు ఏడ్చింది. "నేనే పెడతానంటి చిన్నాయనా. నాయన పెట్టమన్నాడు. తెల్లారిజామున పొయినాడు. నీకు సెప్పొద్దని..."

"సరే. సెవిన పడింది. సాయంత్రం దాకా ఆపండి. ఇద్దరం పెడతాం."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. మట్టి రంగు చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, మడత పడ్డ గీతల మీదుగానే మళ్ళీ మడిచి కుర్చీ మీద పెట్టి, పాత చొక్కా తొడుక్కున్నాడు. మునిలక్ష్మి పొయ్యి ఆర్పి, లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది.

బస్సులో చంద్రగిరి దాటాక ఆమె ఒక్క మాట అంది. "ఆ చీటీవాళ్ళకు ఫోను సేసినావా?"

"సేసినా. వాళ్ళు పోతారు. నేనొక్కడు లేకపోతే ఇమానం ఆగదు గదా."

తోట చివర సొంత నేలలోనే చితి పేర్చారు. చిన్నాయన చేయీ కూతురి చేయీ ఒకే కట్టె పట్టుకున్నాయి. ఎవరో పెద్దాయన, ఆడపిల్ల అక్కడికి రాకూడదు గదా అని గొణిగాడు. గురప్ప ఆయన వైపు తిరిగి చూశాడు. ఆయన పక్కకు జరిగాడు. మంట అంటుకుంది. ఉండాల్సినంతసేపు ఉండి, వచ్చినవాళ్ళు బోరు దగ్గర తలల మీద నీళ్ళు పోసుకుని, తడి బట్టలతో ఊరి దారి పట్టారు.

గురప్ప కూడా పోసుకున్నాడు. పంచె పిండుకుంటూ తోట అంచు దాకా నడిచాడు. ఎండ ఇంకా ఉంది. అడవి వైపు కరెంటు కంచె తీగలు సాగి ఉన్నాయి. చూడగానే అతనికి ఏదో తేడా అనిపించింది. కంచె చిట్టచివరి సాలుకు ఇవతలగా పోయింది. అరటిచెట్ల సాలు ఒకటి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, తీగలకు అవతల అడవి ముందు ఉండిపోయింది. సగం చెట్లు విరిగి ఉన్నాయి. విరిగిన బోదెల నడుమ నుంచి లేత ఆకులు చుట్టలు చుట్టుకుని పైకి వస్తున్నాయి.

వెనకాల ధరణి వచ్చింది, జుట్టు నుంచి నీళ్ళు కారుతూ.

"కంచె ఏసినోడు కొలత తప్పినాడమ్మా," అన్నాడు గురప్ప. "ఒక సాలు బయట పడేసినాడే."

"తప్పలేదు చిన్నాయనా. నాయనే అట్ల ఏయించినాడు. ఆ సాలు వాటిది."

గురప్ప ఆమె వైపు చూశాడు.

"లెక్కలోకి ఎత్తుకోడు దాన్ని. గెల దిగినా కొయ్యడు. నీకు పంపే ఆకు కూడా ఆ సాలులో కొయ్యనియ్యడు. నీళ్ళు మాత్రం పారిస్తాడు." ఆమె తీగల దగ్గరికి నడిచింది. "పొయిందని ముందే అనుకున్న సొత్తు కాడ కోపం రాదంట. అప్పుడే ఏనుగు సరింగా కనపడతాదంట. అవి వచ్చినప్పుడు ఈడ కూసోని సూస్తా ఉంటాడు. అరవడు. టపాకాయ కాల్చడు. పిల్ల ఏనుగు ఒకటి ఉండాది, అది బోదె తొక్కి, లోపలి దూట పీక్కొని తింటాదని సెప్పేవాడు."

"ఎన్నాళ్ళుగా?"

"కంచె ఏసినప్పట్నుంచీ. నాలుగైదేండ్లు."

"నాకు ఒక్క తూరన్నా సెప్పలేదే."

"ఎట్ల సెప్తాడు? ఎప్పుడు సూసినా నీకు ముహూర్తాలు. మొన్న ఆస్పత్రిలో నేనే అన్నా, చిన్నాయనకు సెప్పు నాయనా అని. వద్దన్నాడు. సెప్తే వాడు ప్రయాణం మానుకుంటాడు, పోనియ్యి వాణ్ణి అన్నాడు."

ఇంటి దగ్గర మునిలక్ష్మి ధరణిని కేకేసింది. ఆ పిల్ల వెళ్ళిపోయింది.

గురప్ప నిలబడి లెక్క చూసుకున్నాడు. విమానం పోయింది. కొస ఆకులు కోసే చెయ్యి పోయింది. కొరివి పట్టినవాడు మైల తీరేదాకా ఈ ఊరు దాటకూడదు, పదకొండు రోజులూ అంగడి మూతే. మిగిలిందేమిటంటే ఆ పదకొండు రోజులే. ముహూర్తం లేదు, సరుకు లేదు, ఎక్కడికీ పోవలసిన పని లేదు. వాటితోపాటు ఒక సాలు అరటి, ఎవరిదీ కానిది.

తీగలకు ఇవతల, ఆ సాలుకు ఎదురుగా ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఒక చెయ్యి విరిగితే అరటి నారతో బిగించి కట్టారు; నాలుగు కాళ్ళూ మట్టిలోకి జానెడు దిగిపోయి, అది అడవి వైపు తిరిగి ఉంది.